కొత్తవాళ్ళు అడిగినప్పుడు: జవాబు చెప్పేవారి కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడలో కొద్దిమందితో మొదలై, ఇప్పుడు గుంటూరు, తెనాలి, మంగళగిరి వాళ్ళు కూడా కలిసిన మా ఆన్‌లైన్ కంప్యూటర్ సహాయ బృందంలో కొత్తగా జవాబులు చెప్పడానికి ముందుకొచ్చిన వారి కోసం ఇది రాశాను. ఇక్కడ ఎవరికీ జీతం లేదు. ఆఫీసు నుంచి వచ్చాక, షాపు కట్టేశాక, పిల్లలు పడుకున్నాక దొరికిన అరగంటలో ఎవరో ఒకరికి సాయం చేస్తున్నాం. ఆ అరగంట వృథా పోకూడదు, అడిగినవాళ్ళు చిన్నబుచ్చుకుని వెళ్ళకూడదు. మొదటి వారంలో కొత్త సభ్యులు నన్ను అడిగే ప్రశ్నలే కింద ఉన్నాయి.

అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఎన్నిసార్లని చెప్పాలి?

ప్రశ్న ఒకటే అయినా అడిగే మనిషి ప్రతిసారీ వేరు. మీకు అది నలభయ్యోసారి. కొడుకు కొనిచ్చిన ల్యాప్‌టాప్‌ను పటమటలో తన ఇంట్లో మొదటిసారి తెరిచిన పెద్దావిడకు అదే మొదటిసారి. ఈ సంగతి గుర్తున్నంతసేపు విసుగు రాదు. గుర్తులేని రోజు వస్తుంది, అందరికీ వస్తుంది. ఆ రోజు మీరు జవాబు రాయకండి, ఇంకొకరు చూస్తారు. విసుగ్గా రాసిన ఒక్క జవాబు చదివి, అడగాలనుకున్న మరో పదిమంది నోరు మూసుకుంటారు. వాళ్ళు ఎవరో మనకు ఎప్పటికీ తెలియదు.

ఇది మనకొక్కరికే వచ్చిన ఇబ్బంది కూడా కాదు. ఇంటర్నెట్ తొలిరోజుల్లో యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థ ఉండేది. ప్రతి సెప్టెంబరులో అమెరికా యూనివర్సిటీల్లో చేరిన కొత్త విద్యార్థులు అందులోకి వచ్చి, అడిగిందే అడిగేవారు. పాతవాళ్ళు నెలా రెండు నెలల్లో వాళ్ళకు అక్కడి పద్ధతులు నేర్పేసేవారు. 1993 తర్వాత ఇంటర్నెట్ కంపెనీలు మామూలు జనానికి కూడా దారి తెరిచేసరికి, కొత్తవాళ్ళ రాక ఇక ఆగనే లేదు. పాతవాళ్ళు దానికి 'ముగియని సెప్టెంబరు' అని పేరు పెట్టుకున్నారు. మనకు అలాంటి నెల కాలేజీలు తెరిచినప్పుడు వస్తుంది. కానూరు, వడ్డేశ్వరం, గుంటూరు చుట్టుపక్కల ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం క్లాసులు మొదలైన వారానికే "సీ ప్రోగ్రాం రన్ అవ్వట్లేదు అన్నా" అని మెసేజీలు వరసకడతాయి. వస్తాయని ముందే తెలుసు కాబట్టి జవాబు కూడా ముందే రాసి పెట్టుకుంటాం.

"సార్, నా సిస్టం పనిచేయట్లేదు" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే ఏం చేయాలి?

"పూర్తి వివరాలు ఇవ్వండి" అని మాత్రం రాయకండి. ఏవి వివరాలో తెలిస్తే ఆయనే ఇచ్చేవాడు. "స్క్రీన్ మీద ఇప్పుడు ఏం కనిపిస్తోందో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టండి" అని రాయండి. స్క్రీన్‌షాట్ అడగొద్దు. అది తీయడం ఎలాగన్నది ఇంకో ప్రశ్న అవుతుంది. సగం సమస్యలు ఆ ఫోటోలోనే తేలిపోతాయి.

ఆ తర్వాత ఒక్కసారికి ఒక్క ప్రశ్నే అడగండి. "ఏ విండోస్? ర్యామ్ ఎంత? ఎప్పటి నుంచి? ఏం ఇన్‌స్టాల్ చేశారు?" అని నాలుగు ఒకేసారి అడిగితే ఒకదానికి జవాబిచ్చి మిగతావి వదిలేస్తారు, లేదా భయపడి అసలే మాట్లాడరు.

వాళ్ళ మాటల్ని కూడా జాగ్రత్తగా వినాలి. మన ఊళ్ళలో 'సీపీయూ' అంటే చాలామందికి లోపలి ప్రాసెసర్ చిప్పు కాదు, టేబుల్ కింద ఉన్న డబ్బా మొత్తం. 'మెమరీ ఫుల్' అంటే ఫోన్‌లో ఖాళీ లేదని, పని నడుస్తున్నంతసేపు సిస్టం వాడుకునే ర్యామ్ సంగతి కాదు. 'గూగుల్ ఓపెన్ అవ్వట్లేదు' అంటే బ్రౌజర్ తెరుచుకోవట్లేదని కావచ్చు, నెట్ లేదని కావచ్చు, లాగిన్ అడుగుతోందని కూడా కావచ్చు. 'వైఫై రావట్లేదు' అన్నప్పుడు ఫోన్‌లో డేటా బ్యాలెన్స్ అయిపోయి ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. ఈ మాటలు తప్పని సరిదిద్దకండి. ఆయన మాటే వాడుతూ, పక్కన అసలు పేరు ఒక్కసారి చెప్పండి. రెండోసారికి ఆయనే ఆ పేరు వాడతాడు.

ఒక్క మాట విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. 'ఫార్మాట్ కొట్టించడం' అంటే జబ్బుకు మాత్ర వేసుకోవడం లాంటిదని కొత్తవాళ్ళు అనుకుంటారు. దానితో పెళ్ళి ఫోటోలు, జీఎస్టీ లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు పోవచ్చని వాళ్ళకు తెలియదు. "ఫైళ్ళు ఇంకోచోట దాచారా?" అని అడిగి, "దాచాను" అన్న జవాబు రాతలో వచ్చేదాకా మన దగ్గర ఎవరూ ఆ సలహా ఇవ్వకూడదు.

అడిగిందానికి సరిగ్గానే చెప్పాను, అయినా సమస్య తీరలేదు. ఎందుకని?

అడిగింది ఒకటి, కావాల్సింది ఇంకొకటి అయి ఉంటుంది. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన కష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే పోతోంది.

గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తా ఒకాయన ఒక రాత్రి ఇలా అడిగాడు: "ఎక్సెల్‌లో గడి చివర ఉన్న అక్షరాలు తీసేయడానికి ఫార్ములా ఏంటి సార్?" ఐదు నిమిషాల్లో మనవాళ్ళు ముగ్గురు మూడు ఫార్ములాలు ఇచ్చారు. ఎడమవైపు నుంచి రెండు అక్షరాలు తీసుకునే 'లెఫ్ట్' ఫార్ములా ఆయన వేశాడు. అక్షరాలు పోయాయి, మూడంకెల లెక్క ఉన్నచోట మాత్రం అంకె కూడా తెగిపోయింది. "అయినా రావట్లేదు సార్" అన్నాడు. ఏది రావట్లేదో ఎవరూ అడగలేదు, ఇంకో ఫార్ములా ఇచ్చారు. దానితోనూ పని కాలేదు. గంట గడిచింది. ఆయన "సరే సార్, వదిలేయండి, కాలిక్యులేటర్‌లో చేసుకుంటా" అన్నాడు.

అప్పుడు ఒకమ్మాయి అడిగింది: "దేనికోసం చేస్తున్నారండి ఇది? ఒకసారి షీటు ఫోటో పెడతారా?" ఫోటో వచ్చింది. రైతు పేరు, పక్కన గడిలో ఆయన తెచ్చిన మిర్చి బస్తాల లెక్క: '45 టిక్కీలు', '112 టిక్కీలు', '8 టిక్కీలు'. కింద మొత్తం దగ్గర సున్నా. ఆయనకు కావాల్సింది ఆ రోజు మొత్తం ఎన్ని టిక్కీలు వచ్చాయన్న లెక్క. అంకె పక్కన 'టిక్కీలు' అన్న మాట ఉండేసరికి ఎక్సెల్ ఆ గడిని అంకెగా కాకుండా రాతగా చూసి కూడికలో వదిలేసింది. మాట తీసేస్తే సరిపోతుందని ఆయనే ఊహించుకుని, ఆ ఊహనే మనల్ని అడిగాడు. మనవాళ్ళు ఇచ్చిన లెఫ్ట్ ఫార్ములా అక్షరాలు తీసేసినా, మిగిలిన 45ను మళ్ళీ రాతగానే ఇస్తుంది. అందుకే మొత్తం సున్నా దగ్గరే ఉండిపోయింది.

ఆ అమ్మాయి రెండు పనులు చెప్పింది. ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ముందున్న ఖాళీతో సహా 'టిక్కీలు' అన్న మాట ఇచ్చి, రీప్లేస్ దగ్గర ఏమీ రాయకుండా వదిలేయమంది. మొత్తం వచ్చేసింది. ఇకముందు గడిలో అంకె ఒక్కటే కొట్టి, ఫార్మాట్ సెల్స్‌లో కస్టమ్ దగ్గర సున్నా పెట్టి, దాని పక్కన కొటేషన్ గుర్తుల మధ్య ముందొక ఖాళీతో 'టిక్కీలు' రాస్తే, కంటికి '45 టిక్కీలు' అనే కనిపిస్తుంది, కూడిక కూడా అవుతుందని చెప్పింది. రాత్రి పదకొండింటికి ఆయన దణ్ణం బొమ్మలు పెట్టాడు.

కాబట్టి ఏదైనా విచిత్రమైన చిన్న పని అడిగినప్పుడు, చెప్పే ముందు "ఇది దేనికోసమండి?" అని అడగండి. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "అసలు ఇది ఎందుకు చేస్తున్నారు?" అంటే తప్పు పట్టినట్టు ఉంటుంది. "దేనికోసమో చెబితే ఇంకా తేలిక దారి ఉందేమో చూస్తాను" అంటే మనసు విప్పి చెబుతారు.

"గూగుల్ చేసుకోండి" అనొచ్చా?

అనకూడదు. వెతకాలంటే వెతికే మాట తెలియాలి, కొత్తవాళ్ళకు లేనిది అదే. జవాబు చెప్పి, "ఇంకా వివరంగా కావాలంటే ఈ మాటతో వెతకండి" అని ఆ మాట ఇవ్వండి. ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైట్ స్టాక్ ఓవర్‌ఫ్లో 2008లో మొదలైంది. పదేళ్ళ తర్వాత, 2018లో, కొత్తవాళ్ళకు తమ దగ్గర ఆదరణ దొరకడం లేదని దాన్ని నడిపేవాళ్ళే బహిరంగంగా ఒప్పుకున్నారు. కొత్తగా చేరినవారి ప్రశ్న పక్కన ఆ సంగతి తెలిసేలా ఒక గుర్తు కూడా పెట్టారు. అంత పెద్దచోటే దారి మార్చుకోవాల్సి వచ్చింది.

తెలుగులో రాయాలా, ఇంగ్లిష్‌లోనా?

అడిగినవాళ్ళు ఎలా రాస్తే అలా. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసినా, వాయిస్ మెసేజ్ పెట్టినా అభ్యంతరం లేదు. అయితే స్క్రీన్ మీద ఉన్న పేర్లను అనువదించకండి. ఆయన స్క్రీన్ మీద 'సెట్టింగ్స్' ఉంటే మీరు 'అమరికలు' అని రాస్తే, దానికోసం పావుగంట వెతుకుతాడు. వాయిస్‌లో అడిగినవారికి వాయిస్‌లోనే చెప్పండి, కింద రెండు ముక్కలు రాయండి. తర్వాత వెతికేవాళ్ళకు రాతే దొరుకుతుంది.

నిల్వ జవాబు ఎలా రాయాలి?

పదిసార్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ మన దగ్గర ఒక నిల్వ జవాబు, అంటే ముందే రాసిపెట్టుకున్నది, ఉంది. అసలు ఈ తరచుగా అడిగే ప్రశ్నల పద్ధతి కూడా 1980లలో నాసా వాళ్ళ మెయిలింగ్ లిస్టులో ఇదే అవసరం నుంచి పుట్టింది: కొత్తవాళ్ళు అడిగిందే అడుగుతుంటే ఒకచోట రాసిపెట్టారు.

బెజవాడలో డీటీపీ సెంటర్లు, ప్రింటింగ్ ప్రెస్సులు ఎక్కువ కాబట్టి మనకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది: "శుభలేఖ మ్యాటర్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే పిచ్చి అక్షరాలు వస్తున్నాయి. వైరస్సా?" మొదట్లో మన నిల్వ జవాబు "అది అను ఫాంట్, యూనికోడ్‌లోకి కన్వర్ట్ చేయండి" అని ఒక్క వాక్యం. తప్పు లేదు, ఉపయోగమూ లేదు. చదివినవాళ్ళు "యూనికోడ్ అంటే?" అని మళ్ళీ అడిగేవారు. ఇప్పుడున్నది ఇలా ఉంటుంది:

"వైరస్ కాదండి, మీ ఫైలు బాగానే ఉంది. అను లాంటి పాత పద్ధతి ఫాంట్లలో, కంప్యూటర్ ఇంగ్లిష్ అక్షరాలకు, గుర్తులకు ఇచ్చిన నంబర్ల మీదే తెలుగు అక్షరాల ముక్కలు కూర్చారు. ఆ ఫాంట్ ఉన్న మీ సిస్టంలో తెలుగు కనిపిస్తుంది. అది లేని ఫోన్‌లో ఆ నంబర్లకు చెందిన అసలు ఇంగ్లిష్ గుర్తులు బయటపడతాయి. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ వేరువేరు నంబర్లు ఇచ్చే యూనికోడ్ పద్ధతిలో అయితే తెలుగుకు 1991 నుంచే 128 స్థానాల సొంత చోటు ఉంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా తెలుగే కనిపిస్తుంది. అవతలివాళ్ళు చదివితే చాలనుకుంటే పీడీఎఫ్ చేసి గాని, ఫోటోగా గాని పంపండి. వాళ్ళు అందులో మార్పులు చేయాలంటే కన్వర్టర్‌లో యూనికోడ్‌లోకి మార్చి పంపండి. మార్చాక ఒత్తులు, అంకెలు, ముహూర్తం టైము ఒకసారి దగ్గరగా చదువుకోండి, అక్కడే తప్పులు దొర్లుతాయి."

మొదటి వాక్యం టెన్షన్ తీసేస్తుంది. తర్వాత కారణం, ఆపైన ఆయన అవసరాన్ని బట్టి రెండు దారులు, చివర జాగ్రత్త. నిల్వ జవాబు ఏదైనా ఈ వరసలోనే రాయండి. అతికించే ముందు పైన అడిగినవారి పేరుతో సొంతంగా ఒక వాక్యం చేర్చండి. "మీ ఫోటో చూశానండి, మీది ఇదే సమస్య" అన్నా చాలు. అది లేకపోతే మిషన్‌తో మాట్లాడుతున్నట్టు ఉంటుందని ఒక మేడమ్ నాతో అన్నారు, అప్పటి నుంచి మానలేదు.

నిల్వ జవాబు పాతబడితే?

పాతబడ్డ జవాబు అసలు లేనిదానికంటే ప్రమాదం. "విండోస్ 10 చాలండి, కొత్తది అక్కర్లేదు" అన్న మాట ఎన్నో ఏళ్ళు సరైనదే. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ముగిసింది, ఆ జవాబూ మార్చాల్సి వచ్చింది. ప్రతి జవాబు కింద చివరిసారి చూసిన తేదీ ఉంటుంది. ఆరు నెలలు దాటినది కనిపిస్తే, అతికించే ముందు మీరే ఒకసారి చేసి చూడండి.

ఒకే ప్రశ్న ఒకేరోజు వందమంది అడిగితే?

2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్ళను ముంచెత్తాయి. నీళ్ళు తగ్గుతున్నకొద్దీ మనకు వచ్చినవన్నీ ఒకే ప్రశ్న: "ల్యాప్‌టాప్ తడిసింది. ఎండలో పెట్టాను. ఆన్ చేయొచ్చా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే టైము లేదు. ఎవరో ఒకరు "చేసి చూడండి" అంటే అంతటితో బోర్డు పోతుంది.

ఆ రోజు ఐదు వాక్యాలు రాసి పైన పిన్ చేశాం. ఆన్ చేయొద్దు. ఛార్జర్ పెట్టొద్దు. బ్యాటరీ ఊడొచ్చేదైతే తీసి పక్కన పెట్టండి. బియ్యంలో పెట్టొద్దు, లోపలి తడి పోదు, పైగా పిండి, నూక పోర్టుల్లో దూరతాయి. అది వరద బురద కాబట్టి పైకి ఆరినా లోపల ఒండ్రు ఉంటుంది, విప్పి శుభ్రం చేసేవాళ్ళకు చూపించాకే కరెంటు ఇవ్వాలి. ఫోన్ బ్యాటరీ ఆఖరికొచ్చి, సిగ్నల్ సరిగ్గా అందని మనిషి చదువుతున్నాడని గుర్తుపెట్టుకుని రాశాం. అందుకే కారణాలు ఒక్క ముక్కలో, లింకులు అసలు లేకుండా.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. చాలామంది ల్యాప్‌టాప్ కోసం అడగట్లేదు, అందులో ఉన్న ఫోటోల కోసం అడుగుతున్నారు. ఒకాయన చనిపోయిన తన తల్లి వీడియో ఒక్కటి వస్తే చాలు, మిగతాది పారేస్తానన్నాడు. అప్పుడు చెప్పాల్సిన జవాబే వేరు: రిపేరు సంగతి తర్వాత, ముందు డిస్కు జోలికి ఎవరినీ పోనివ్వకండి, డేటా తీసేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్ళండి.

మనలోనే ఒకరు తప్పు జవాబు ఇస్తే?

అక్కడే, అందరి ముందే సరిదిద్దాలి, ఎందుకంటే తప్పు అక్కడే ఉంది. మనిషిని మాత్రం అనకండి. "తప్పు" అని మొదలుపెట్టేకంటే "ఒక్క నిమిషం ఆగండి, ఇలా చేస్తే ఫైలు పోయే అవకాశం ఉంది" అని అడిగినవారితో మాట్లాడండి. చెప్పినవారికి విడిగా ఫోన్ చేసి మాట్లాడండి. ఏఐ ఇచ్చిన జవాబును అలాగే తెచ్చి అతికించేవాళ్ళకూ ఒక్కటే నియమం: మీ సిస్టంలో చేసి చూశాకే పెట్టండి. లేని మెనూ పేర్లు చెప్పడం దానికి అలవాటు. కొత్తవాళ్ళేమో లేని మెనూ దొరకలేదంటే తమదే తప్పనుకుంటారు.

ఆధార్, ఓటీపీ ఫోటోలు పెడుతున్నారు. ఏం చేయాలి?

చూసిన క్షణమే తీసేయండి, అడ్మిన్ కోసం ఎదురుచూడొద్దు. ఆ తర్వాత ఎందుకు తీసేశామో మెల్లగా చెప్పండి. మనం ఎవరినీ ఓటీపీ, పాస్‌వర్డ్, పిన్ అడగం. స్క్రీన్‌ను దూరం నుంచి నడిపే యాప్‌లు వేసుకోమనడం కూడా మన దగ్గర నిషేధం, మీరు ఎంత నమ్మకస్తులైనా సరే. ఈరోజు మీ మాట విని వేసుకున్నవారు, రేపు బ్యాంకు నుంచి అని చెప్పి ఎవరైనా ఫోన్ చేసినా వేసుకుంటారు. డబ్బు అప్పటికే పోయిందంటే సాంకేతిక సలహాలు పక్కన పెట్టి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఆడవాళ్ళు ప్రశ్నలు తక్కువ అడుగుతున్నారు. ఎందుకు?

ఒకమ్మాయి ప్రింటర్ గురించి అడిగింది. రాత్రికల్లా నలుగురు విడిగా 'హాయ్' అని మెసేజ్ పెట్టారు. ఆ అమ్మాయి మళ్ళీ ఏమీ అడగలేదు. కొన్నాళ్ళకు వాళ్ళ అక్క ద్వారా నాకు ఈ సంగతి తెలిసింది. సిగ్గుతో తల వంచుకున్నాను. ఇప్పుడు నియమం స్పష్టం: అడిగినవారే కోరితే తప్ప ఎవరికీ విడిగా మెసేజ్ పెట్టకూడదు. పెడితే మొదటిసారికే బయటికి పంపేస్తాం. ఎంత బాగా జవాబులు చెప్పేవారైనా సరే. పేరు బయటపెట్టకుండా అడగాలనుకునేవారు అడ్మిన్లలో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళకు పంపితే, వాళ్ళు తమ పేరు మీద ప్రశ్న పెడతారు.

నాకు నేరుగా ఫోన్లు చేస్తున్నారు. ఎత్తాలా?

అక్కర్లేదు. "అందరి ముందే అడగండి, నాకంటే బాగా తెలిసినవాళ్ళు చెబుతారు" అని రాయండి. అలా అడిగితే జవాబు ఇంకొకరికీ పనికొస్తుంది, మీ నిద్రా పాడవదు.

"అర్జెంట్ సార్" అని పదిసార్లు ట్యాగ్ చేస్తే?

ఒక్కసారి నెమ్మదిగా చెప్పండి. చాలాసార్లు అది నిజంగా అర్జెంటే: మీసేవ దగ్గర లైన్లో నిలబడో, పరీక్ష హాల్‌టికెట్ ప్రింట్ రాకో అడుగుతుంటారు. కసిరే ముందు ఎక్కడున్నారో అడగండి.

నాకు తెలియకపోతే?

"నాకు తెలియదండి, తెలిసినవాళ్ళు చూసేలా చెబుతాను" అనండి, అన్నమాట ప్రకారం చెప్పండి. మౌనంగా ఉండిపోతే అడిగినవారు తమ ప్రశ్న పిచ్చిదేమో అనుకుంటారు.

పని అయ్యాక ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్ళిపోతారు. బాధగా ఉంటుంది.

ఉంటుంది. మర్నాడు మీరే అడగండి: "అయిందాండి? ఏది చేస్తే అయింది?" చాలామంది చెబుతారు, పైగా అడిగినందుకు సంతోషిస్తారు. ఆ జవాబు మనకు నిజంగా అవసరం. మనం చెప్పిన మూడింటిలో ఏది పనిచేసిందో తెలియకపోతే నిల్వ జవాబు రాయలేం.

నేనూ ఈమధ్యే నేర్చుకున్నాను. నేను జవాబులు చెప్పొచ్చా?

తప్పకుండా. పదేళ్ళుగా వాడుతున్నవారికి ఎక్కడ తడబడతారో గుర్తుండదు, మీకు ఇంకా గుర్తుంది. డబుల్ క్లిక్‌లో రెండు నొక్కుల మధ్య వేలు ఎంత తొందరగా కదలాలో అనుభవజ్ఞులు ఎవరూ రాయరు. మొన్న బ్రాడీపేట నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు అదే అడిగితే, నెల కిందట అదే ఇబ్బంది పడిన ఒక గృహిణి "తలుపు తట్టినట్టు టకటక అనండి మాస్టారూ" అని చెప్పింది. ఆయనకు వచ్చేసింది.

మొదటి నెల, మీరు స్వయంగా చేసి చూసినవాటికి మాత్రమే చెప్పండి. ఫైళ్ళు పోయే ప్రమాదం ఉన్నవి, డబ్బుతో ముడిపడినవి పాతవాళ్ళకు వదిలేయండి. మిర్చి యార్డు గుమస్తా గారు ఇప్పుడు ఎక్సెల్ ప్రశ్నలు చూసుకుంటున్నారు. ఎవరు ఏ ఫార్ములా అడిగినా ఆయన ముందు రాసేది ఒక్కటే: "షీటు ఫోటో పెట్టండి, దేనికోసమో చెప్పండి."